తక్కువ ధరలో వైడ్ లెన్స్ ఉన్న చిన్న రీలు కెమెరా: తరచుగా అడిగే ప్రశ్నలు

జేబులో పట్టే రీలు కెమెరా కావాలి, లెన్స్ వెడల్పుగా ఉండాలి, ధర మాత్రం చేతికి అందాలి. ఇలా వెతికేవాళ్లను అవే అనుమానాలు మళ్లీ మళ్లీ పట్టుకుంటున్నాయి. వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకా జవాబు విడిగానే అర్థమవుతుంది, కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## కొనాలా వద్దా అనుకుంటున్నప్పుడు

ఎన్ని ఎంఎం ఉంటే దాన్ని వైడ్ అనాలి?

లెన్స్ మీది ఎంఎం అంకె దాని ఫోకల్ లెంగ్త్; అది తగ్గేకొద్దీ ఫొటోలో ఎక్కువ వెడల్పు పడుతుంది. 35 ఎంఎం రీలు మీద పడే ఫ్రేము 36 × 24 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 28 ఎంఎం గానీ అంతకు తక్కువ గానీ ఉంటేనే నికరమైన వైడ్. 35 ఎంఎం మామూలు వెడల్పు. చాలా కాంపాక్టుల్లో (జేబు కెమెరాల్లో) కనిపించే 38 ఎంఎం వైడ్ కానే కాదు.

అంకెల్లో కన్నా గదిలో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఎదుటి గోడకు 3 మీటర్ల దూరంలో, అంటే దాదాపు పది అడుగుల దూరంలో నిలబడ్డారనుకోండి. కెమెరా అడ్డంగా పట్టుకుంటే 38 ఎంఎం లెన్స్‌లో 2.8 మీటర్ల గోడ పడుతుంది. 35లో 3.1 మీటర్లు, 28లో 3.9 మీటర్లు, 24లో 4.5 మీటర్లు, 22లో 4.9 మీటర్లు పడుతుంది. పెళ్లిలో వరసగా నిలబడ్డ చుట్టాల్లో చివరి ఇద్దరు ఫొటోలో ఉంటారా ఊడతారా అన్నది 38కీ 28కీ మధ్య ఉన్న ఆ మీటరులోనే తేలుతుంది.

మా ఇంట్లో నాన్నగారి యాషికా ఎంఎఫ్-2 ఉంది. అది వైడేనా?

కాదు, దాని లెన్స్ 38 ఎంఎం. మన ఇళ్లల్లో బీరువా పైనుంచి దిగే కెమెరాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. పెన్సిల్ సెల్లు వేసి చూడండి, పనిచేస్తుంటే ముందు దానితోనే ఒక రీలు తీయండి. రీలు ఎక్కించడం, కడిగించడం అన్నీ ఖర్చు లేకుండా అలవాటవుతాయి. ఇంకా వెడల్పు కావాలని మీకు నిజంగా అనిపిస్తుందో లేదో ఆ ఒక్క రీలుతోనే తెలిసిపోతుంది.

పానరామా మీట ఉన్న కెమెరా కొంటే వైడ్ వచ్చినట్టేనా?

రాదు. మీట నొక్కగానే ఫ్రేము పైనా కిందా నల్లటి రేకులు అడ్డుపడి 36 × 13 మిల్లీమీటర్ల పట్టీ మాత్రమే మిగులుతుంది. పక్కలకు ఒక్క అంగుళం కూడా అదనంగా పడదు. తీసిన ఫొటోను తర్వాత కత్తిరించినా అదే ఫలితం.

దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. రికో ఆర్1లో మామూలుగా 30 ఎంఎం ఎఫ్/3.5 లెన్స్ పనిచేస్తుంది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది). పానరామాలోకి మార్చినప్పుడు లోపల గాజులు కదిలి అది 24 ఎంఎం అవుతుంది. మినోల్టా పీస్ అనే కెమెరాలో లెన్సే 24 ఎంఎం ఎఫ్/4.5. రెండింటిలోనూ రేకులు తీసేసి పూర్తి ఫ్రేములో వాడుకునేవాళ్లున్నారు. అలా చేస్తే మూలలు నల్లబడతాయి, అంచుల్లో పదును తగ్గుతుంది. ఆ రూపం నచ్చినవాళ్లకు ఇది మంచి దారి.

జూమ్ కెమెరా మీద 38–140 అని ఉంది. పెద్ద జూమ్ కదా, తీసుకోనా?

వైడ్ కావాలంటే చూడాల్సింది మొదటి అంకె. 38తో మొదలయ్యే జూమ్ ఎంత దూరం లాగినా వెనక్కి మాత్రం 38 దాటి రాదు. 28తో గానీ 24తో గానీ మొదలయ్యేదే మీకు పనికొస్తుంది.

బడ్జెట్ ఎంత పెట్టుకోవాలి?

కెమెరా ధర ఒక్కటే చూడకండి. కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే ఒక్కో రీలుకు వెయ్యి రూపాయలు దాటుతుంది. నెలకు ఒకటి చొప్పున వాడినా ఏడాదికి పన్నెండు వేల పైమాటే. మేమైతే ఒకటే కొలత చెబుతాం: మొదటి కెమెరా ధర ఆరు రీళ్ల మొత్తం ఖర్చును మించకూడదు. మిగిలిన డబ్బు రీళ్ల మీద పెడితే ఫొటోలు వస్తాయి. ఖరీదైన కెమెరా కొని రీళ్లకు డబ్బుల్లేక దాన్ని షోకేసులో పెట్టుకుంటే ఉపయోగం లేదు.

## ఏ మోడల్ తీసుకోవాలి

అందరూ రికో జీఆర్1, నికాన్ 28టీఐ అంటున్నారు. చవగ్గా దొరికితే తీసుకోవచ్చా?

రెండూ 28 ఎంఎం ఎఫ్/2.8 లెన్స్ ఉన్న గొప్ప కెమెరాలే. జీఆర్1 వచ్చింది 1996లో. పైనున్న ఎల్‌సీడీ గీతలు మాయమవడం జీఆర్1లో అందరికీ తెలిసిన జబ్బు. లోపలి రిబ్బన్ కేబుల్ చిట్లితే కెమెరా చచ్చినట్టే, ఎందుకంటే కొత్త విడిభాగాలు దొరకవు. మార్కెట్ ధర కన్నా బాగా తక్కువకు ఇస్తున్నారంటే ఏదో ఒక లోపం ఉండే ఉంటుంది. మొదటి కెమెరాగా వీటి జోలికి వెళ్లవద్దు.

మరి తక్కువలో 28 ఎంఎం ఆటోఫోకస్ ఏమున్నాయి?

నికాన్ ఏఎఫ్600, 28 ఎంఎం ఎఫ్/3.5. 1993లో వచ్చింది. అమెరికాలో లైట్ టచ్, జపాన్‌లో నికాన్ మినీ అని అమ్మారు. చాలా తేలిక. మూడు గాజుల లెన్సే అయినా నడిమధ్య పదును చక్కగా ఉంటుంది, మూలలు కొంచెం చీకటిపడతాయి.

ఫూజీ కార్డియా మినీ టియారా, ఇదీ 28 ఎంఎం ఎఫ్/3.5. బయటి దేశాల్లో పేరు డీఎల్ సూపర్ మినీ. లెన్స్ పదును నికాన్ కన్నా ఒక మెట్టు పైనే. ముందు మూత తెరిచిన ప్రతిసారీ ఫ్లాష్ మళ్లీ ఆటోలోకి వెళ్లిపోవడం దీనితో ఉన్న చిరాకు.

కొనికా గెన్బా కాంతోకు వరసలో 28 ఎంఎం మోడళ్లు ఉన్నాయి. జపాన్‌లో కట్టడాల దగ్గర పనిచేసేవాళ్ల కోసం చేసిన మొరటు కెమెరాలివి. దుమ్ము, వాన, చిన్నాచితకా దెబ్బలు తట్టుకునేలా కట్టారు. జేబులో మాత్రం పట్టవు. వానల్లో ఊళ్లు తిరిగేవాళ్లకు మా ఓటు దీనికే.

ఒకే కెమెరాకు దేశానికో పేరు ఉండటం వల్ల వెతికేటప్పుడు అన్ని పేర్లతోనూ వెతకండి. జనం ఎక్కువగా వెతకని పేరుతో పెట్టిన కెమెరా తరచుగా తక్కువకే వస్తుంది.

జూమ్ కెమెరాల్లో లెన్స్ నాసిగా ఉంటుందంటారు, నిజమేనా?

టెలీ చివర, అంటే జూమ్ పూర్తిగా లాగినప్పుడు, నిజమే. వైడ్ చివర చాలావాటికి ఆ మాట వర్తించదు. తక్కువ ధరలో వైడ్ వెతికేవాళ్లు పట్టించుకోకుండా దాటిపోతున్నది ఈ జూమ్ కెమెరాలనే. మినోల్టా రివా జూమ్ 75డబ్ల్యూ 28–75 ఎంఎం. వైడ్ చివర ఎఫ్/3.5 తెరుచుకుంటుంది, అంటే పైన చెప్పిన నికాన్, ఫూజీల స్థిర లెన్స్ ఎంత వెలుతురు తీసుకుంటుందో ఇదీ అంతే. టెలీ చివరికి లాగితే ఎఫ్/8.9కి పడిపోతుంది, ఫొటో కదులుతుంది, మెత్తబడుతుంది. రోలై ప్రెగో 90 కూడా 28–90తో మంచి లెన్స్. పెంటాక్స్ ఎస్పియో 24ఈడబ్ల్యూ 24–105 ఎంఎం. జూమ్ కాంపాక్టుల్లో ఇంత వెడల్పు చాలా అరుదు.

వీటిని వాడే పద్ధతి ఒక్కటే: స్విచ్ వేశాక జూమ్ మీట ముట్టుకోకండి. 28 ఎంఎం స్థిర లెన్స్ కెమెరా అనుకునే వాడండి. "జూమ్" అన్న మాట వల్లే ఇవి ఫ్యాషన్‌లో లేవు, ధర కూడా అందుకే తక్కువ. రూపాయికి వచ్చే వైడ్ లెక్కేస్తే మా మొదటి సలహా ఇవే.

ఆన్‌లైన్‌లో కొత్తగా దొరికే రెటో అల్ట్రా వైడ్ అండ్ స్లిమ్ ఎలా ఉంటుంది?

పాత వివిటార్ అల్ట్రా వైడ్ అండ్ స్లిమ్‌కు ఇది కొత్త రూపం. 22 ఎంఎం ఎఫ్/11 ప్లాస్టిక్ లెన్స్, షట్టర్ ఎప్పుడూ 1/125 సెకను. సెల్ లేదు, ఫ్లాష్ లేదు, ఫోకస్ తిప్పే పని లేదు. ఇంత తక్కువ ధరలో ఇంత వెడల్పు ఇంకెక్కడా రాదు.

దీని హద్దు మాత్రం తెలుసుకోవాలి. లోపల మార్చుకునేది ఏదీ లేదు కాబట్టి వెలుతురే సరిపోవాలి. ఐఎస్‌ఓ అంటే రీలు వెలుతురును పట్టే శక్తి; అంకె పెరిగితే తక్కువ వెలుతురు చాలు. ఐఎస్‌ఓ 100 రీలుకు పలచటి ఎండ సరిగ్గా సరిపోతుంది. ఐఎస్‌ఓ 400కు చెట్టు నీడ గానీ మబ్బు పట్టిన పగలు గానీ సరిపోతుంది. మిట్ట మధ్యాహ్నపు ఎండలో 400 రీలు మూడు స్టాపులు, అంటే ఎనిమిది రెట్లు, ఎక్కువ వెలుతురు తాగుతుంది. కలర్ నెగటివ్ అంతవరకు తట్టుకుంటుంది. గదిలో, సాయంత్రం ఆరు దాటాక ఫొటో రాదు. మూలలు చీకటిగా, రంగులు గాఢంగా ఉండటం ఈ లెన్స్ స్వభావం, లోపం కాదు.

కొడాక్ ఎక్టార్ హెచ్35 మీద కూడా 22 ఎంఎం అని ఉంది. రెండూ ఒకటేనా?

కాదు. హెచ్35 హాఫ్ ఫ్రేమ్ కెమెరా. మామూలు ఫ్రేములో సగమే, 18 × 24 మిల్లీమీటర్లు వాడుతుంది. ఫ్రేము చిన్నదయితే అదే 22 ఎంఎం లెన్స్ మామూలు కెమెరాలో దాదాపు 32 ఎంఎం చూసినంతే చూస్తుంది. కెమెరా మామూలుగా పట్టుకుంటే ఫొటో నిలువుగా వస్తుంది. 36 ఫొటోల రీలుకు 72 వస్తాయి కాబట్టి రీలు ఖర్చు తగ్గుతుంది, బదులుగా గ్రెయిన్ (ఫొటోలో కనిపించే రవ్వలు) పెద్దదవుతుంది.

ఇంకా తక్కువలో, కొత్తది, ఫ్లాష్ ఉన్నది కావాలంటే?

కొడాక్ ఎం35, ఎం38, ఇల్‌ఫోర్డ్ స్ప్రైట్ 35-2. మూడింటికీ 31 ఎంఎం లెన్స్. అసలైన వైడ్ కాదు గానీ 38 కన్నా నయం. ఫ్లాష్ ఉన్నందున రెండు మీటర్లలో ఉన్న మనుషులు గదిలో కూడా పడతారు.

ఒలింపస్ ఎక్స్‌ఏ4 కనిపించింది. తీసుకోవచ్చా?

కండిషన్ బాగుంటే తప్పక తీసుకోండి. 28 ఎంఎం ఎఫ్/3.5, 1985 నాటిది. ఫోకస్ మీరే దూరం అంచనా వేసి పెట్టాలి. 30 సెంటీమీటర్ల దగ్గరి వస్తువునూ తీస్తుంది. రెండు ఎల్‌ఆర్44 బటన్ సెల్లు చాలు, మోటారు లేదు కాబట్టి చెడిపోయే భాగాలూ తక్కువ. సెల్లు అయిపోతే మాత్రం షట్టర్ పడదు.

## సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు

హైదరాబాద్‌లో ఎక్కడ వెతకాలి?

కోఠీ చుట్టుపక్కల పాత ఫొటో సామాన్ల కొట్లు, గురువారం జరిగే జుమ్మేరాత్ బజార్. బజార్‌కు వెళ్లేటప్పుడు జేబులో రెండు కొత్త పెన్సిల్ సెల్లు, సీఆర్123ఏ, సీఆర్2 అనే లిథియం సెల్లు ఒక్కొక్కటి వేసుకోండి. సెల్ లేదన్న వంకతో పరీక్షించకుండా కొన్న కెమెరా సగం సార్లు అలమారాకే పోతుంది. అమెరికాలోనో జపాన్‌లోనో మనవాళ్లు ఉంటే, వాళ్లు వచ్చేటప్పుడు బ్యాగులో తెప్పించుకోవడం మేలు. పార్సిల్‌లో వస్తే సుంకం, కొరియర్ చార్జీలు కెమెరా ధరతో పోటీ పడతాయి.

కొట్లో అయిదు నిమిషాల్లో ఏమేం చూడాలి?

సెల్ గది మూత తెరవండి. పచ్చటి పొడి ఉంటే పాత ఆల్కలైన్ సెల్ కారిందన్నమాట. కాంటాక్టు మీద పైపైన ఉంటే దూదిపుల్లకు వెనిగర్ గానీ నిమ్మరసం గానీ అద్ది తుడిస్తే పోతుంది. స్ప్రింగ్ తినేసి ఉంటే వదిలేయండి.

సెల్ వేసి స్విచ్ వేయండి. లెన్స్ మూత పూర్తిగా తెరుచుకోవాలి, జూమ్ అయితే గొట్టం తడబడకుండా బయటికి రావాలి. ఎల్‌సీడీలో ప్రతి అంకె పూర్తిగా కనిపించాలి.

ఇప్పుడు వెనక మూత తెరిచి కెమెరాను ట్యూబులైటు వైపు పట్టి, వెనక నుంచి లెన్స్‌లోకి చూస్తూ ఫ్లాష్ ఆపి నొక్కండి. గుండ్రటి వెలుగు ఒక్క క్షణం మెరవాలి. అదే పని కెమెరాను చీకటి మూల వైపు తిప్పి చేయండి. ఈసారి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి. రెండుసార్లూ ఒకేలా ఉంటే వెలుతురు కొలిచే మీటరు పోయినట్టు.

ఫ్లాష్ వేసి కొట్టండి. పది సెకన్లలో మళ్లీ సిద్ధం కావాలి. చాలా కాంపాక్టులు ఫ్లాష్ చార్జ్ కాకపోతే అసలు షట్టరే వేయవు.

చివరగా ఒక పాడైన రీలు ఎక్కించి తిప్పి చూడండి. మోటారు చప్పుడు ఒకే తీరుగా ఉండాలి. చివరికి వచ్చాక రీలు తనంతట తాను వెనక్కి చుట్టుకోవాలి.

రెటో లాంటి సెల్ లేని కెమెరాలో బటన్ నొక్కితే ఏమీ కావడం లేదు. పాడైందా?

కాకపోవచ్చు. వీటిలో షట్టర్‌ను సిద్ధం చేసేది రీలే. రీలు అంచు రంధ్రాలు లోపలి పళ్ల చక్రాన్ని తిప్పితేనే స్ప్రింగ్ బిగుస్తుంది. వెనక మూత తెరిచి ఆ పళ్ల చక్రాన్ని వేలితో ఆగేదాకా తిప్పి, అప్పుడు నొక్కి చూడండి.

లెన్స్‌లో ఫంగస్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లా కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఇళ్లల్లో ఏళ్ల తరబడి తోలు సంచిలో ఉన్న కెమెరాలకు ఇది సాధారణం. అంచున చిన్న చుక్క ఉంటే ఫొటోలో కనిపించదు. గాజంతా మసగ్గా ఉంటే ఎదుటి వెలుతురులో ఫొటో తెల్లబడుతుంది. చిన్న కాంపాక్టు లెన్స్ విప్పి శుభ్రం చేయించే ఖర్చు చాలాసార్లు కెమెరా ధరను దాటుతుంది.

వెనక మూత అంచున నల్లటి జిగురు వేలికి అంటుతోంది. అదేంటి?

వెలుతురు లోపలికి రాకుండా పెట్టిన స్పాంజి కరిగిపోయింది. అలాగే వాడితే ఫొటోల మీద నారింజ రంగు చారలు పడతాయి. ఐసోప్రోపిల్ ఆల్కహాల్‌తో పాతది పూర్తిగా తుడిచి, మూత పట్టే గాడిలో 1.5 మిల్లీమీటర్ల నల్ల స్పాంజి పట్టీ గానీ, నల్ల ఊలుదారం గానీ అతికించండి. షట్టర్ మీద చుక్క కూడా పడనివ్వకండి.

చార్జింగ్ సీఆర్123ఏ వేస్తే డబ్బు మిగలదా?

వేయకండి. మామూలు లిథియం సెల్ 3 వోల్టులు. అదే సైజులో వచ్చే రీచార్జబుల్ లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టుల దాకా ఇస్తుంది. పాత సర్క్యూట్ కాలిపోవచ్చు.

## రీలు వేసి తీసేటప్పుడు

ఏ రీలు వేయాలి?

ఎఫ్/3.5 ఆటోఫోకస్ కాంపాక్టుకు ఐఎస్‌ఓ 400 సురక్షితం: కొడాక్ అల్ట్రామాక్స్ 400, నలుపు తెలుపులో ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లేదా కెంట్‌మియర్ 400. పగలు మాత్రమే తీస్తానంటే కొడాక్ గోల్డ్ 200 చాలు.

రీలు డబ్బా మీద వెండి, నలుపు గళ్లు చూడండి. కెమెరా ఐఎస్‌ఓ తెలుసుకునేది ఆ డీఎక్స్ కోడ్ వల్లే. కోడ్ లేని డబ్బా వేస్తే చాలా కెమెరాలు 100 అనుకుంటాయి. పెద్ద చుట్ట నుంచి కత్తిరించి పాత డబ్బాల్లో నింపి అమ్మే రీళ్ల విషయంలో డబ్బా మీది కోడ్, లోపలి రీలు ఒకటేనా అని అడిగి కొనండి.

రీలు సరిగ్గా ఎక్కిందని ఎలా తెలుస్తుంది?

మోటారు కెమెరాలో రీలు నాలుకను ఎర్ర గుర్తు దాకా మాత్రమే లాగి, వదులు లేకుండా పరిచి మూత వేయండి. ఎక్కువ లాగితే ఉబ్బి జారిపోతుంది. అంకె 1 కనిపించాలి. చేత్తో తిప్పే కెమెరాలో అయితే, ఫొటో తీసి తిప్పిన ప్రతిసారీ ఎడమవైపు రివైండ్ గుండీ కూడా తిరగాలి. అది కదలకపోతే మీరు తీస్తున్నవన్నీ గాలి ఫొటోలే.

ఫూజీ డీఎల్ కెమెరాలు ముందే రీలంతా బయటికి చుట్టి, తీసిన ఫ్రేమును ఒక్కొక్కటిగా డబ్బాలోకి లాక్కుంటాయి. అంకె తగ్గుతూ వస్తే కంగారు పడకండి. పొరపాటున మూత తెరిచినా తీసిన ఫొటోలు డబ్బాలో భద్రంగా ఉంటాయి.

ఫోకస్ ఎంత దూరానికి పెట్టాలి?

28 ఎంఎం లెన్స్ ఎఫ్/8 దగ్గర ఉంటే 3.3 మీటర్లకు పెట్టి వదిలేయండి. 1.65 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా పదునుగానే వస్తుంది. వీధి ఫొటోలకు వైడ్ సుఖం ఇదే. అదే లెన్స్ ఎఫ్/3.5 దగ్గర అయితే లెక్క మారుతుంది: అనంతం దాకా పదును కావాలంటే 7.5 మీటర్లకు పెట్టాలి, దగ్గరి హద్దు 3.7 మీటర్లు అవుతుంది. 22 ఎంఎం ఎఫ్/11కు లెక్క ప్రకారం 0.75 మీటర్ల నుంచే పదును మొదలవుతుంది.

రైలు కిటికీ అద్దం లోంచి తీస్తే అంతా మసగ్గా వచ్చింది. ఎందుకు?

ఇన్‌ఫ్రారెడ్ ఆటోఫోకస్ వదిలిన కిరణం అద్దానికి తగిలి తిరిగొచ్చింది. కెమెరా అద్దానికే ఫోకస్ చేసింది. కొండ గుర్తు ఉన్న ఇన్ఫినిటీ మోడ్ పెట్టి, ఫ్లాష్ ఆపి తీయండి.

గ్రూపు ఫొటోలో చివరివాళ్లు లావుగా, గోపురం వెనక్కి వాలినట్టు వస్తున్నాయి. లెన్స్ లోపమా?

లోపం కాదు. వెడల్పు లెన్స్ అంచుల్లో గుండ్రటివన్నీ సాగుతాయి, ముఖాలు కూడా. రెండు వైపులా ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలేలా ఒక అడుగు వెనక్కి జరగండి, లేదా మనుషులను అర్ధచంద్రంలా నిలబెట్టండి.

గోపురం వాలేది కెమెరాను పైకి ఎత్తడం వల్ల. కెమెరాను నిలువుగా తిప్పి, వెనకభాగం నేలకు లంబంగా ఉంచి, గోపురం కొస పడేంత వెనక్కి వెళ్లండి. కింద ఎక్కువ నేల పడుతుంది. అక్కడ ముగ్గు గానీ మెట్లు గానీ మనుషులు గానీ ఉండేలా చూసుకుంటే ఆ నేలే ఫొటోకు బలమవుతుంది.

ఫ్లాష్ ఎంత దూరం వెళ్తుంది?

ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబర్‌ను ఎఫ్ అంకెతో భాగించండి. గైడ్ నంబర్ 10, లెన్స్ ఎఫ్/3.5 అయితే ఐఎస్‌ఓ 100తో 2.9 మీటర్లు, 400తో దానికి రెట్టింపు. వేదిక మీది వధూవరులను హాలు చివరి నుంచి ఫ్లాష్‌తో తీయాలనుకోవడం సెల్ దండగ.

## కడిగించడం, దాచడం

ల్యాబ్‌లో ఏమని చెప్పాలి?

కలర్ రీలైతే సీ-41 (కలర్ నెగటివ్ కడిగే పద్ధతి) అని, నలుపు తెలుపైతే విడిగా బీ అండ్ డబ్ల్యూ అని చెప్పండి. వెనక రెమ్‌జెట్ అనే నల్లటి పూత ఉన్న సినిమా ఫిల్మ్‌ను చెప్పకుండా ఇస్తే, ఆ పూత ఊడి మెషీన్‌నూ తర్వాత వచ్చేవాళ్ల రీళ్లనూ పాడు చేస్తుంది. స్కాన్‌లో ఫ్రేము అంచులు కత్తిరించవద్దని రాసివ్వండి. 28 కోసం డబ్బు పెట్టి అంచులు ల్యాబ్‌లో పోగొట్టుకోకూడదు. నెగటివ్‌లు తప్పక వెనక్కి అడగండి.

విమానంలో రీళ్లు ఎలా తీసుకెళ్లాలి?

చెక్-ఇన్ లగేజీలో ఎప్పుడూ పెట్టకండి, అక్కడి స్కానర్లు బలమైనవి. చేతి సంచిలో, పారదర్శకమైన కవర్‌లో పెట్టి చేత్తో చూడమని అడగండి. కొత్త సీటీ స్కానర్ల గుండా ఒక్కసారి వెళ్లినా రీలు మసకబారే ప్రమాదం ఉంది. కెమెరాలో సగం తీసిన రీలు ఉంటే ఆ మాటా చెప్పండి.

వేసవిలో, వానాకాలంలో ఎలా దాచాలి?

వాడని రీళ్లు మూత బిగించిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. వాడే ముందు ఒక గంట బయట ఉంచి, చెమట పట్టదని తెలిశాక డబ్బా తెరవండి. ఎండలో నిలిపిన కారులో రీలూ కెమెరా రెండూ వదలకండి. కెమెరాను తోలు సంచిలోంచి తీసి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పెట్టండి. చవక తేమ మీటరు ఒకటి లోపల పెట్టి తేమ 40–50 శాతం మధ్య ఉండేలా చూడండి. జెల్ రంగు మారగానే ఎండబెట్టి మళ్లీ వాడండి. నెల రోజులు వాడకపోతే పెన్సిల్ సెల్లు తీసేయండి.